ర్యాంపు మీద ఒక్క పిలుపు

కార్లు నిలబెట్టే బిల్డింగుకి కూడా చరిత్ర ఉంటుందంటే మొదట్లో పకపకా నవ్వాను. చదువుకోవడానికి సిడ్నీ వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ దొరికినా చదివిన చదువుకి ఉద్యోగం దొరక్క, ఐదంతస్తుల పార్కింగ్ బిల్డింగులో చేరిన రోజులవి. సిడ్నీ శివారు టూంగాబీలో గది, ఆ బిల్డింగులో డ్యూటీ. నా పక్క కుర్చీలో కూర్చునే అంకుల్‌ది కరీంనగర్. ముప్ఫై ఏళ్లుగా ఆ బిల్డింగులోనే ఉన్నారాయన. టీ కప్పు చేతిలోకి రాగానే మొదలుపెట్టేవారు.

"అమెరికాల మొదట గుర్రాల కొట్టాలల్లనే కార్లు పెట్టెటోళ్లట బిడ్డా. వానకు పెయింటు ఖరాబైతదని భయం. తర్వాత కార్లకు లిఫ్టులు, ఆ తర్వాత గీ ర్యాంపులు. నేనొచ్చిన కొత్తల ఈడ ఎవ్వరు సొంతంగ పార్క్ చేసుకోకపోదురు. కీస్ మాకిచ్చి పోయెటోళ్లు. పది మందిమి ఉంటిమి!"

తర్వాత టికెట్ మిషన్లొచ్చాయి, పది మంది నలుగురయ్యారు. ఇప్పుడు కెమెరాలే నంబర్ ప్లేట్లు చదువుకుంటున్నాయి. మిగిలింది మేమిద్దరం. ఇంకొన్ని వారాల్లో మా ఆఫీసు కూడా మూసేసి, ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు చూసుకుంటారని మెయిల్ వచ్చింది.

ఆ బిల్డింగంటే నాకు భయం. పాతకాలపు కట్టడం, కప్పు నెత్తిమీదే ఉన్నట్టుంటుంది. నేలంతా ఏటవాలు. ఐదో అంతస్తులో కారు డోర్ వేస్తే, రెండో అంతస్తులో నడుస్తున్న మనకి సరిగ్గా వీపు వెనకాల వినిపిస్తుంది. నేను ఒట్టి పిరికిదాన్ని. ఆ సంగతి బయటపడకుండా అందరిమీదా చిరచిరలాడుతూ ఉంటాను.

ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం, నాలుగో అంతస్తులో లైటు పోయిందని చూడ్డానికి అంకుల్ పైకెళ్లారు. కాసేపటికి మూడో అంతస్తులో ఒకావిడ కారెక్కడ పెట్టిందో మర్చిపోయి, సాయం కోసం గోడకున్న బటన్ నొక్కితే, నేనూ వెళ్లాను. కారు చూపించి, ఆవిడ వెళ్లిపోయాక, ర్యాంపు మీదుగా నడిచి దిగుతున్నాను.

"బిడ్డా!"

ఒక్కసారే. పైనుంచో, వెనకనుంచో తెలియలేదు. ఆగిపోయాను. నా బూట్ల చప్పుడు కూడా ఆగిపోయాక, ట్యూబులైట్ల రొద తప్ప ఇంకేమీ లేదు.

మా ఊళ్లో మా అమ్మమ్మ పెట్టిన కట్టడి ఒకటుంది. మిట్టమధ్యాహ్నం మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే, మొదటిసారికి పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. "మనిషైతే మూడుసార్లు పిలుస్తాడే పిచ్చిమొహమా! ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదు. అది మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది," అనేది.

మాస్టర్స్ చదివాను. కంప్యూటర్ నెట్‌వర్కుల మీద ప్రాజెక్టు చేశాను. ఏం లాభం, నా మొహం! నోరు మూసుకుని నిలబడి, రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆ గొంతు అంకుల్‌దే. ఆ దేశంలో నన్ను బిడ్డా అని పిలిచేది ఆయనొక్కరే. సరిగ్గా అందుకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా దిగిపోయాను. దాదాపు పరిగెత్తాను.

ఆఫీసులోకొచ్చి తలుపు వేసుకుని, ధైర్యానికి టిఫిన్ బాక్సు తెరిచి పప్పన్నం తిన్నాను. ఆయన రాలేదు. స్క్రీన్లు చూశాను. కెమెరాలన్నీ కార్ల వైపే తిరిగి ఉన్నాయి. ర్యాంపు మలుపుని చూసే కెమెరా ఒక్కటీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పటికి ఇరవై నిమిషాలు దాటిపోయాయి. ఇక తప్పక, వెతుక్కుంటూ ర్యాంపు ఎక్కాను.

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మలుపులో, గోడవారన పడి ఉన్నారు అంకుల్. కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి లాగేసింది.

పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది కానీ కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇంకాస్త ముందు తీసుకొచ్చుంటే మాటైనా నిలిచేదేమోనని అంకుల్ భార్యతో డాక్టర్ అన్నాడట. ఆ ఆంటీ నాకు చెబుతుంటే తల ఎత్తలేకపోయాను.

వారం తర్వాత మళ్లీ ఆసుపత్రికి చూడ్డానికెళ్లాను. ఆయన మంచం పక్కనే కూర్చుని ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గా పక్కనే ఉంటివంట గద బిడ్డా. గా మనిషి పిలిచే ఉంటడు. నీకేమన్న ఇనవడ్డదా?"

"లేదాంటీ, వినపడలేదు," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట!

ఆంటీ ఆయన వైపు తిరిగింది. "ఏందయ్యా, పిలిచినవా పిల్లను?"

అంకుల్ నావైపు చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపారు. పిలవలేదని.

ఆసుపత్రి లిఫ్టులో ఏడుస్తూనే దిగాను. నన్ను కాపాడ్డానికి ఆయన అబద్ధమాడారా, లేక నిజంగానే పిలవలేదా? అబద్ధమే అయ్యుండాలని దేవుణ్ణి వేడుకున్నాను. అదే అయితే పాపం నాది, మోసుకుంటాను. కాకపోతే ఆ ర్యాంపు మీద నన్ను పిలిచిందెవరు?

ఆఫీసు మూసేదాకా ఇంకా రెండు వారాల డ్యూటీ మిగిలింది. ఒక్కదాన్నే చేశాను. ఎక్కడ ఏ చిన్న చప్పుడైనా, భయపడుతూనే "వస్తున్నా అంకుల్" అని అరుస్తూ ఆ ఖాళీ అంతస్తులెక్కాను.