బీరువాలో ఉన్న మా తాత కూత

మేం తీసిన సినిమా గురించి మా కాలేజీ వార్షిక సంచికలో నాలుగు పేజీలు వేశారు. దర్శకత్వం చేసిన అమ్మాయి ఒక పేజీ రాసింది. కెమెరా పట్టినవాడు ఒక పేజీ రాశాడు. ప్రాజెక్టు చూసిన సార్ రెండు పేజీలు రాశారు. సౌండు రికార్డు చేసింది నేను. నన్ను ఒక్క ముక్క కూడా రాయమని ఎవరూ అడగలేదు. ఆ నాలుగు పేజీల్లో నా గురించి ఉన్నది ఒకే వాక్యం: "మిగతా మిత్రుల సహకారం మరువలేనిది." మా జట్టులో ఉన్నదే ముగ్గురం. ఆ మిగతా మిత్రులందరూ నేనొక్కణ్ణే.

కాబట్టి నా పేజీ నేనే రాసుకుంటున్నాను.

మాది తాండూరు పక్కన పల్లె. తాత గొర్రెలు కాసేవాడు, తాత తండ్రీ కాసేవాడు. మా నాన్న మాత్రం బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. నేను రోజూ పొద్దున రైలెక్కి వికారాబాద్‌లో డిగ్రీకి పోయేవాణ్ణి. చివరి ఏడాది ప్రాజెక్టుగా పది నిమిషాల సినిమా తీయమన్నారు. అమ్మాయిది వికారాబాదే. కెమెరావాడిది పరిగి. వాళ్ల మేనమామ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, కెమెరా ఆయనది. నా దగ్గర కెమెరా లేదు, తాత ఉన్నాడు, తాతకు నలభై గొర్రెలున్నాయి. బండల కోసం తవ్విన గనులు మేత బీళ్లను మింగేస్తుంటే మంద ఇప్పుడు ఏ దారిన పోతోందో చూపిద్దామన్నది నా ఆలోచన. సంచికలో ఆ అమ్మాయి "మాకొక ఆలోచన వచ్చింది" అని రాసింది. వాళ్లకు రాలేదు. ఒకరోజు రైలు ధారూరు దాటినాక నాకు వచ్చింది. మర్నాడు వాళ్లకు చెప్పాను.

పనులు పంచుకున్నది క్యాంటీన్‌లో. ఆ మాటలు నాకింకా గుర్తున్నాయి.

"డైరెక్షన్ నేను చేస్త," అంది అమ్మాయి.

"కెమెరా మా మామది. నాకు తప్ప ఎవ్వలకియ్యడు," అన్నాడు వాడు.

"మరి నేనేం చెయ్యాలె?" అన్నాను.

"నువ్వు సౌండ్ చూస్కో అన్నా. గది అల్కగ ఉంటది," అంది. అంటే తేలిక పని అని.

కాలేజీకి ఉన్నది ఒకటే రికార్డరు. అరచేతిలో పట్టేంత డబ్బా, తల మీద నత్త కొమ్ముల్లా రెండు మైకులు. సార్ బీరువా తాళం తీసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని చేతికిచ్చారు. ఎలా వాడాలి సార్ అంటే "ఫోన్ల చూస్కోండ్రి, అన్నీ ఉంటయి" అన్నారు. మాకు పాఠం చెప్పడమంటే అంతే. సంచికలో ఆయన రాసిన రెండు పేజీల్లో "ప్రతి పరికరాన్నీ దగ్గరుండి నేర్పించాను" అని ఉంది.

మొదటి రోజు గని పక్క బీటిలో షూటింగ్. తాత మందను తోలుకొస్తుంటే నేను ఎర్ర బటన్ నొక్కాను. దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. బండికి ఇండికేటర్ వేస్తే అలాగే కొట్టుకుంటుంది కదా, పని చేస్తోందనే అనుకున్నాను. మధ్యాహ్నం దాకా తాత వెనకాలే తిరిగాను. సద్ది మూట విప్పేటప్పుడు చూస్తే కార్డులో ఏమీ లేదు. ఆ డబ్బాకు ఒకసారి నొక్కితే సిద్ధంగా ఉంటుందట. రెండోసారి నొక్కితేనే, దీపం నిలకడగా వెలిగితేనే, రికార్డు అవుతుందట.

"బటన్ నొక్కుడు గూడ రాదార నీకు?" అన్నాడు కెమెరావాడు. అక్కడితో ఆగలేదు, కాలేజీ అంతా చెప్పాడు. నెల రోజులు నా పేరు 'మూకీ.' "ఏం మూకీ, చాయ్ తాగినవా?" "మూకీ, జర నోరు తెరువు." అదే వాడు ఒకరోజు లెన్సు మూత తీయకుండా తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఏమైందిరా అని తాత అడిగితే చెప్పాను. తాత నవ్వలేదు.

"జీవాలు గూడ గంతేరా. ఒక్క కూతకు తల ఎత్తుతయి. రెండో కూతకే కదుల్తయి. నీ డబ్బకు గా సంగతి ఎరికైంది, నీకే ఎర్కలేదు."

రెండోసారి పోయినప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నలభై గొర్రెలు గడ్డి కొరికే చప్పుడు అంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. కానీ దాని మీద గాలి. చేటతో కందులు చెరిగినట్టు ఒకటే రొద. మైకుకు బొచ్చు తొడుగు ఉంటే గాలి ఆగుతుందని ఫోన్‌లో చూశాను. కాలేజీలో లేదు. సార్‌ని అడిగితే "గాలి లేని దినం పోండ్రి" అన్నారు. ఆ బీళ్లల్లో గాలి లేని రోజేదో ఆయనే చెప్పాలి.

తాత తన గొంగడి అంచు నుంచి ఇంత ముక్క కోసి మైకుకు చుట్టాడు. గాలి ఆగింది. మాటా ఆగింది. దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టు వచ్చింది.

"నేసిన బొచ్చు అన్నిట్నీ ఆపుతదిరా," అన్నాడు తాత ఆ ముక్క విప్పేసి. "నెయ్యనిది కట్టు."

గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన మెత్తటి బొచ్చు ఇంట్లో సంచిలో ఉంటే తెచ్చి, పొరలు పొరలుగా విడదీసి, దారంతో వదులుగా కట్టాడు. గాలి పోయింది, మాట మిగిలింది. బొచ్చులోని జిడ్డు నా చేతులకూ హెడ్‌ఫోన్లకూ అంటుకుంది. "నీ మైకు కంపు కొడ్తుంది, దూరం పో" అన్నాడు కెమెరావాడు. సార్ దాన్ని చూసి పగలబడి నవ్వి, "మైకా, పొట్టేలా?" అన్నారు. తర్వాత వేరే కాలేజీల లెక్చరర్లకు శిక్షణ తరగతి పెట్టినప్పుడు అదే మైకును చేత పట్టుకుని ఫోటో దిగారు. సంచికలో ఆ ఫోటో కింద "పిల్లలకు నేను చెప్పిన చిన్న ఉపాయం" అని ఉంది. ఉపాయం మా తాతది. బొచ్చు మా గొర్రెపిల్లది.

ఇక అసలు సంగతి.

గని అంచున మంద నిలబడితే తాత అక్కడి నుంచే కూత పెడతాడు. గని లోతుగా, నిలువు గోడలతో ఉంటుంది కనుక కూత అవతలి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఆ తవ్వకాలు మొదలైనప్పుడు రెండు దిక్కుల నుంచీ కూత వినబడి గొర్రెలు తికమకపడ్డాయట. ఒకటి గనిలో పడిపోయిందట కూడా. అప్పటి నుంచి తాత మొదటి కూత పెట్టి ఆగుతాడు. అవతలి గోడ బదులిచ్చేదాకా, ఆ బదులు పూర్తిగా చల్లారేదాకా ఆగుతాడు. తర్వాతే రెండో కూత. ఆ ఆగడమే నాకు కావాలి. మా సినిమా చెప్పాల్సిందంతా ఆ ఆగడంలో ఉందని నాకనిపించింది.

ఒక చిక్కు వచ్చింది. కూత పెద్దది. రికార్డరులో మోత ఎంత పెట్టాలో ముందే చూసుకోకపోతే మోత కొలిచే ముల్లు ఎర్ర గీత దాటిపోయి గొంతు పగిలినట్టు వస్తుంది. "తాతా, ఒక్కసారి ఉత్తగ కుయ్యవా? చూస్కుంట," అన్నాను.

"కుయ్యను."

"ఒక్కటే."

"ఉత్తగ కూస్తే జీవాలకు అబద్ధం చెప్పినట్టే. రేపు నిజంగ కూస్తే ఇంటయా? మా నాయన గూడ కుయ్యలే."

ఎంత బతిమాలినా వినలేదు. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. గొర్రెల అరుపును బట్టి అందాజాగా తగ్గించి పెట్టుకుని, బటన్ రెండుసార్లు నొక్కి, దీపం నిలకడగా ఉందని మూడుసార్లు చూసుకుని నిలబడ్డాను. తాత కూత పెట్టాడు. గోడ బదులిచ్చింది. నలభై తలలు లేచాయి; మేత చప్పుడు ఒక్కసారిగా ఆగడం హెడ్‌ఫోన్లలో తెలిసింది. తర్వాత రెండో కూత, గిట్టల చప్పుడు. ముల్లు గీత దాటలేదు. నేను జీవితంలో చేసిన పనుల్లో ఒక్క లోపం కూడా లేనిది అదొక్కటే.

ల్యాబులో ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు దాన్ని యథాతథంగా పెట్టాను. సార్ వచ్చి చూశారు.

"మధ్యల గీ ఖాళీ ఏంది? సౌండ్ పోయిందా?"

"పోలే సార్. తాత ఆగిండు."

"జనం ఆగరు గద బాబు."

మధ్యలోది కోసేసి, పైన వేణువు సంగీతం వేయించారు. సినిమాలో మా తాత కూత ఏడు సెకన్లుంది, అదీ వేణువు కింద. చివర పేర్లు పడేచోట "సౌండ్: డిపార్ట్‌మెంట్" అని పడింది. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఇప్పుడు నా తప్పు కూడా రాయాలి. రికార్డరు తిరిగిచ్చేటప్పుడు కార్డు ఖాళీ చేసి ఇవ్వాలన్నది కాలేజీ నియమం. కెమెరావాడు ఎడిటింగ్ కంప్యూటర్ నుంచి ఒక ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో వేసి "మొత్తం గిదే, ఇంటికి తీస్కపో" అన్నాడు. నేను నమ్మి కార్డు నా చేతులతోనే చెరిపేశాను. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. నెల తర్వాత తాండూరులో ఒక ఫోటో స్టూడియోకు తీసుకుపోతే, తెర మీద ఎర్ర డబ్బాలు తప్ప ఏమీ రాలేదు.

స్టూడియో ఆయన జాలిగా చూశాడు. "గిది చిట్టీ తమ్మీ, సామాన్ కాదు. ఏ సామాన్ యాడుందో, ఎంత కోసిండ్రో రాసున్న చిట్టీ. సామాన్ మీ కాలేజీలనే ఉంటది."

సామాను డిపార్ట్‌మెంట్ హార్డ్ డిస్కులో ఉంది. హార్డ్ డిస్కు సార్ బీరువాలో ఉంది. తాళం సార్ దగ్గర ఉంది.

మొదటిసారి అడిగితే "చూద్దాం తీయ్" అన్నారు. రెండోసారి "పరీక్షలు కానియ్." మూడోసారి పోతే తాళంచెవి ఇంటి దగ్గర మరిచిపోయారట. దరఖాస్తు రాసి ఆఫీసులో ఇచ్చాను, ముట్టినట్టు ముద్ర వేయించుకున్న కాపీ నా దగ్గరుంది. సార్ ఫోన్‌కు మూడు మెసేజ్‌లు పెట్టాను. మూడింటికీ రెండేసి నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఎప్పుడడిగినా సార్ తల ఎత్తారు, కదల్లేదు.

ఈలోగా తాతకు మోకాళ్లు పట్టేశాయి. మొన్న మంద అమ్మేశాం. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన బేరగాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటూ ఒక్కొక్కదాన్నీ ఎత్తి బండిలో వేశారు. తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూత పెట్టలేదు.

బండి వెళ్లాక నా ఫోన్ తీశాను. "తాతా, ఒక్కసారి కూయి. నాకోసం."

"ఎవర్ని పిలవాలెరా? దొడ్డి చూడు. అయినా నీ డబ్బల ఉన్నది గద. గది ఇనిపియ్. గోడ మంచిగ పలికింది ఆనాడు," అన్నాడు.

"కాలేజీల ఉంది, తెస్త," అన్నాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. "ఏమాయెరా నా కూత? సారు ఇచ్చిండా?" ఆయన మళ్లీ కూయడు. ఎన్ని మైకులు తెచ్చినా, ఎంత బొచ్చు కట్టినా, గొర్రెలు లేకుండా కూయడు. నాకు తెలుసు.

సంచికలో నా పేరు వేయకపోయారు, సరే. ఉపాయం మీదన్నారు, సరే అనను గానీ అది తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. సార్, ఆ డిస్కులో మా తాత కూత ఉందా, చెరిపేశారా? ఉంటే పెన్‌డ్రైవ్ తీసుకుని పొద్దున రైలుకే వస్తాను. చెరిపేసి ఉంటే ఆ మాటే చెప్పండి, ఆదివారం తాతకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. చూద్దాం అనకండి. ఉందో లేదో జవాబు చెప్పండి.