అత్తగారి దగ్గు తగ్గిన వైనం

మా తాలూకాలో టీబీ మందు ఇచ్చే పద్ధతి మారడానికి ఒక పరిశోధన కారణమని తెలిసినవాళ్ళు చెబుతుంటారు. నిజమే. ఆ పరిశోధన జరిగిన రోజు నేను జగ్గయ్యపేటలో, మందుల వ్యాను వెనక చక్రం పక్కన, ఎండలో నిలబడి ఉన్నాను. నిలబెట్టారు అనాలి. బెంచీ మీద చోటు ఉండగానే నిలబెట్టారు. పరిశోధన గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఈ సంగతి ఎత్తరు కనుక నేనే రాస్తున్నాను.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నేను పేటలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మని. మా ఆయన నూనె మిల్లులో గుమాస్తా, ఎవరు ఏమన్నా సరేననే మనిషి. మా అత్తగారిది పెనుగంచిప్రోలు. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన మొదటి పూట నేను పెట్టిన చారు రెండు గుక్కలు తాగి, "మా ఊళ్ళో ఇలాంటిది చేతులు కడుక్కోడానికి పోస్తారు" అన్నారు. ఆ పూట ఇంట్లో చుట్టాలు కూడా ఉన్నారు.

ఆవిడ ట్రంకుపెట్టెతో పాటు ఒక దగ్గు కూడా తెచ్చుకున్నారు. అడిగితే, "మిరపకల్లాల్లో పెరిగినదాన్ని, దగ్గక నవ్వుతానా" అనేవారు. సాయంత్రాలు జ్వరం రావడం మొదలయ్యాక నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. టీబీ అన్నారు. ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు, ఇంట్లోనే ఉండి ఏడాది పైన మందు మింగితే చాలన్నారు. ఆ మందు వారం వారం ఆసుపత్రి వ్యానులో పేటకు వచ్చేది. బస్టాండు వెనక ఖాళీ స్థలంలో ఆగేది. జనం వరసలో నిలబడితే కాంపౌండరు బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చేవాడు, సూది వేయాల్సినవాళ్ళకు సూది వేసేవాడు.

వ్యాను ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం వచ్చేది. కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ పూట కూలి పోయేది. మిరపకాయల కోతలప్పుడు సగం మంది వచ్చేవారు కాదు. సాయంత్రం రమ్మని నేను చాలాసార్లు చెప్పాను. మంచినీళ్ళ కుండ మీద మూత లేదని చెప్పాను. తెలిసినవాళ్ళకు ముందు ఇస్తున్నారని చెప్పాను. దానికి ఆ కాంపౌండరు నాకు పితూరీల పంతులమ్మ అని పేరు పెట్టాడు. పేటలో ఆ పేరు నా అసలు పేరుకన్నా వేగంగా తిరిగింది. బడిలో పిల్లలకు కూడా తెలిసిపోయింది. కుండకు మూత మాత్రం వచ్చింది.

కొన్ని నెలలు మందు వేసుకునేసరికి అత్తగారికి జ్వరం రావడం ఆగింది. కాస్త ఒళ్ళు చేశారు. ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. "ప్రభువు కృపవల్ల, పాస్టరయ్యగారి ప్రార్థనవల్ల నా దగ్గు తగ్గిందండి" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా దగ్గారు. నేను తిరిగి చూశాను.

"ముందుకి చూడు" అన్నారు.

ఆ తరవాత కొన్నాళ్ళకు వ్యానుతో పాటు ఒక జీపు కూడా వచ్చింది. అందులోంచి పెద్ద వయసు ఆఫీసరు ఒకాయన, చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ దిగారు. ఇంటి దగ్గర ఉండి మందు మింగితే జబ్బు నయమవుతోందా లేదా అని పరిశోధన చేస్తున్నారట. వాళ్ళు కనుక్కున్నదాన్ని బట్టి మందు ఎవరికి ఇవ్వాలో, వ్యాను ఎన్నిసార్లు తిప్పాలో పైవాళ్ళు నిర్ణయిస్తారట. ఒక బల్ల, ఒక బెంచీ వేశారు. ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి ఆఫీసరు రెండే ప్రశ్నలు అడిగాడు. మందు వాడుతున్నారా. తగ్గిందా.

మా ముందున్న వాళ్ళంతా తగ్గిందండి అన్నారు. అంత దూరం నుంచి జీపులో వచ్చిన ఆఫీసరుగారి మొహం మీద లేదని ఎలా అంటారు. పైగా సూది వేసే కాంపౌండరు పక్కనే నిలబడి వింటున్నాడు. అతని హస్తవాసి మంచిది కాదని అతని ఎదురుగానే చెప్పి, మళ్ళీ అతని చేతికే జబ్బ అప్పగించే ధైర్యం ఎవరికుంటుంది.

అత్తగారి వంతు వచ్చింది.

"తగ్గిందా మామ్మగారూ?"

"తగ్గిందండి బాబూ. మీ చల్లని చెయ్యి."

"తగ్గలేదండి" అన్నాను నేను. "తెల్లారుజామున లేచి కూర్చుని దగ్గుతారు. నేను చూస్తున్నాగా."

ఆఫీసరు తలెత్తాడు. "మీకా జబ్బు?"

"కాదండి. కోడల్ని."

"అయితే పక్కన నిలబడండి. మాకు జబ్బు మనిషి చెప్పిందే కావాలి."

అత్తగారు ఆయన్ని ఓదార్చారు. "దాని మాట పట్టించుకోకండి బాబూ. వానొస్తే తడిసిందంటది, ఎండొస్తే మాడిందంటది. దాని తీరే అంత."

కాంపౌండరు నవ్వాడు. డాక్టరమ్మ కూడా, చిన్నగా అయినా, నవ్వింది. చక్రం పక్కన నీడ లేదు.

జీపు వెళ్ళిపోయింది. ఆ ఏడు మిరపకాయలు ఎండి, బస్తాలకెక్కి, బండ్ల మీద బెజవాడ వెళ్ళిపోయాక ఒక వారం మేం వ్యాను దగ్గరికి వెళితే కాంపౌండరు పొట్లం కట్టలేదు.

"మామ్మగారికి ఇంక మందు లేదండి."

"ఎందుకని?"

"తగ్గింది కదండీ. తగ్గినవాళ్ళకి ఆపేసి కొత్తవాళ్ళకి ఇమ్మన్నారు. పైనుంచి ఆర్డరొచ్చింది. పేటలో దాదాపు అందరికీ తగ్గిపోయిందట, వ్యాను కూడా ఇకమీదట నెలకోసారే."

"తగ్గలేదని నేను చెప్పాగా?"

"మీరు చెప్పారు పంతులమ్మగారూ. మీరు కుండ గురించి కూడా చెప్పారు."

ఆ ఆర్డరులో తెలివి లేదని అనను. మందు అందరికీ చాలని రోజులవి. నయమైనవాళ్ళకి ఆపి కొత్తవాళ్ళకి ఇవ్వడం న్యాయమే. బల్ల దగ్గర అన్న మాట పైదాకా వెళ్ళి ఆర్డరై తిరిగొచ్చింది. మధ్యలో ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. మా అత్తగారికి మాత్రం మందు లేకుండా పోయింది.

కొన్నాళ్ళు బాగానే ఉన్నారు. తరవాత సాయంత్రపు జ్వరం తిరిగొచ్చింది. చర్చికి నడవడం మానేశారు. నా వంటకు వంక పెట్టడం కూడా మానేశారు. అన్నిటికన్నా అదే నన్ను భయపెట్టింది. ఒక ఉదయం ఆవిడ నోరు తుడుచుకున్న గుడ్డని గబుక్కున దిండు కిందకి తోశారు. నేను లాగి చూస్తే ఎర్రగా మరక.

"ఏంటిది అత్తయ్యా?"

"వక్కాకు."

ఆవిడ జన్మలో వక్కాకు నమలలేదు.

"నందిగామ వెళదాం పదండి. డాక్టరుకి తగ్గలేదని చెబుదురుగాని."

"ఎట్టా చెప్పనే? చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పా. ఇప్పుడు తగ్గలేదంటే ప్రభువుని అబద్ధాలకోరుని చేసినట్టు కాదూ?"

"ఆయన ఏమీ అనుకోరు. లేవండి."

సెలవు అడిగితే హెడ్మాస్టరు, "ఈసారి పితూరీ ఎవరి మీదమ్మా?" అన్నాడు. మా అత్తగారి ప్రాణం గురించి వెళుతున్నానని చెప్పాక కూడా ఆ నవ్వు వెనక్కి తీసుకోలేదు. అతను రిటైరయి చాలా ఏళ్ళయింది. ఆ నవ్వు నాకింకా బాకీ ఉన్నాడు.

నందిగామలో ఆ ఆఫీసరూ, డాక్టరమ్మా ఒకే గదిలో ఉన్నారు. అత్తగారికి కుర్చీ వేశారు. నన్ను కూర్చోమనలేదు. నేను గోడకానుకుని సంగతంతా చెప్పాను. మందు ఆపేశారని, జ్వరం వస్తోందని, గుడ్డ మీద మరక పడిందని చెప్పి, ఆ గుడ్డ కూడా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని అత్తగారి వైపు తిరిగాడు.

"మామ్మగారూ, అప్పుడు తగ్గిందన్నారు కదా?"

"అన్నానండి. తగ్గింది."

నేను గోడ వదిలి ముందుకొచ్చాను. "అత్తయ్యా, దీనికోసమా బస్సెక్కింది?"

"నువ్వుండు. తగ్గిందిగా మరి. మందేసుకున్నన్నాళ్ళూ తగ్గింది. అబద్ధం చెప్పమంటావా?"

డాక్టరమ్మ ముందుకు వంగింది. "తగ్గితే మళ్ళీ మందెందుకు మామ్మగారూ?"

అత్తగారు ఆవిడ వంక జాలిగా చూశారు. "తగ్గింది గనకే గదమ్మా. తగ్గాక మిగిలింది పోవద్దూ? తగ్గిందన్నాగానీ పోయిందన్నానా?"

ముందు డాక్టరమ్మకే నవ్వు వచ్చింది, వెంటనే అదే మొహం పాలిపోయింది. "మేం తగ్గిందంటే నయమైందని రాసుకున్నాం సార్" అంది మెల్లగా. "వీళ్ళు కొంచెం నెమ్మదించిందని చెప్పారు."

"మనకీ తెలుగొచ్చు కదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"వచ్చు కాబట్టే సార్. రాకపోతే ఇంకోసారి అడిగేవాళ్ళం."

ఆయన నమ్మలేదు. వరండాలో ఉన్నవాళ్ళని అడిగి చూద్దామన్నాడు. అందరం వెళ్ళాం. మొదట ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"పెద్దాయనా, తగ్గిందా?"

"తగ్గిందండి."

"పోయిందా?"

ముసలాయన అదిరిపడి లేచాడు. "ఎవరండీ? ఇప్పుడేగా మా ఆడది టీ నీళ్ళకెళ్ళింది."

ఆయన్ని కూర్చోబెట్టి, పోయింది మనిషి కాదు దగ్గు అని నచ్చజెప్పడానికి నాలుగు మాటలు పట్టింది. చెప్పాక ఆయన కుదుటపడి, "అబ్బే, పోవడమేంటండీ, తగ్గిందంతే" అన్నాడు. పక్కనున్నావిడా అదే చెప్పింది. ఆ పక్కనున్నాయనా అదే చెప్పాడు. ఆఫీసరు గదిలోకి తిరిగొచ్చాడు. ఆయన్ని నేను క్షమించకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. తన తప్పు కాదని మాత్రం అనలేదు. "మళ్ళీ అడుగుదాం. ఈసారి మాటలు నమ్మొద్దు" అన్నాడు. అత్తగారికి అక్కడికక్కడే మందు మొదలుపెట్టించాడు.

జీపు మళ్ళీ తాలూకా అంతా తిరిగింది. ఈసారి తగ్గిందా అని అడగలేదు. చిన్న చిన్న సీసాలిచ్చి, పొద్దున్నే వచ్చిన కఫం అందులో ఊసి తెమ్మన్నారు. నందిగామలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. సీసాకు మొహమాటం లేదు, సాక్ష్యం చెప్పే అలవాటూ లేదు. తగ్గిందన్నవాళ్ళలో చాలామందికి జబ్బు అలాగే ఉంది. ఆ సంగతి పైకి వెళ్ళింది. సీసా బాగుందనేదాకా ఎవరికీ మందు ఆపకూడదని కొత్త ఆర్డరు వచ్చింది. వ్యాను తిరిగి వారం వారం రావడం మొదలైంది.

మందుకు రానివాళ్ళు ఎందుకు రావడం లేదో కూడా అప్పుడే కనుక్కున్నారు. మధ్యాహ్నం వస్తే కూలి పోతోందని తేలిందట. వ్యానును సాయంత్రానికి మార్చారు. "ఎంత ముఖ్యమైన విషయం బయటపడిందో చూశారా" అని డాక్టరమ్మ నాతోనే అంది. ఆ ముఖ్యమైన విషయం నేను ఏడాది పొడుగునా ఆ వ్యాను దగ్గరే అరిచి చెప్పాను. నేను చెబితే పితూరీ, జీపెక్కి వచ్చి కనుక్కుంటే పరిశోధన. ఆ మాట ఆవిడతో అనేశాను. ఆవిడ ఈసారి నవ్వకుండా, "నిజమేనండి" అంది. ఆ ఒక్క మాట ఆవిడ లెక్కలో జమ వేశాను.

అత్తగారు మళ్ళీ ఏడాది పైనే మందు మింగారు. సీసాలు పంపుతూనే ఉన్నాం. చివరికి ఒకనాడు ఇద్దరం నందిగామ వెళితే, వరసగా వచ్చిన సీసాలన్నీ బాగున్నాయి, ఇక మందు అక్కర్లేదు అన్నారు. అత్తగారు నమ్మకుండా, "పోయిందంటారా?" అని రెట్టించి అడిగారు. "పోయింది మామ్మగారూ" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లో నేను కూర్చున్నానని మొదలుపెట్టారు. గాలి ఆడాల్సింది ఎవరికట, జబ్బుపడి లేచింది ఎవరట. సీటు మారి కూర్చున్నాం. అక్కణ్ణుంచి నా మీదకి మళ్ళారు. ఆ గుడ్డ తీసుకెళ్ళి అందరి ముందూ బల్ల మీద పరిచానట, పరువు తీశానట. ఇంత చదువుకున్నదానికి తగ్గడానికీ పోవడానికీ తేడా తెలియదట, అలాంటిదాని దగ్గర పిల్లలేం నేర్చుకుంటారట. నా జడ, నా నడక, మా పుట్టింటివాళ్ళు పెళ్ళిలో వడ్డించిన తీరు, ఒక్కటీ వదల్లేదు. వెనక సీటువాళ్ళు ముందుకి వంగి విన్నారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి విన్నాడు. ఆవిడ అన్నవన్నీ నాకు ఈ రోజుకీ వరసగా గుర్తున్నాయి. నందిగామ నుంచి పేట దాకా అంటూనే ఉన్నారు. మధ్యలో ఎక్కడా దగ్గలేదు.