సలోమి మేడం చేసిన బిళ్ళలు

సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పొగతో సలోమి మేడం గుర్తొస్తారు. అద్దంకి దగ్గర మా పాలిటెక్నిక్‌లో కాంట్రాక్టు మీద ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. మా అమ్మ అప్పట్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పనయ్యాక ఆడవాళ్ళను ఆటోలో ఊళ్ళకు దింపే ముఠామేస్త్రీ చేతులు ఊరుకునేవి కావు. అందరికీ తెలుసు, అందరూ నోరు మూసుకునేవారు. మేడం మూసుకోలేదు. అగ్గిపెట్టెంత కంప్యూటర్ బోర్డులు తెప్పించి, మాచేత పన్నెండు బిళ్ళలు చేయించారు. మెడలో వేసుకుని బటన్ నొక్కితే, ఆ మనిషి ఎక్కడుందో తోటి ఆడవాళ్ళ ఫోన్లకు కబురు పోతుంది. లోపలి ప్రోగ్రాంలో దాపరికం లేదు, ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చొచ్చు.

"మార్చొచ్చంటే పాడు కూడా చెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

"చెయ్యొచ్చు. అందుకే చదవకుండా మెడలో వేసుకోకూడదు. తాళిబొట్టుకు లేని షరతు దీనికి పెడుతున్నా" అని నవ్వారు.

మిరపకాయల యజమాని చూసిస్తానని బిళ్ళలు తీసుకెళ్ళి, ఫ్లెక్సీలు కట్టి, సభ పెట్టి మరీ పంచాడు. అక్కడే మేడం ఒకటి తీసుకుని లాప్‌టాప్‌కు కలిపి "చదువు" అన్నారు. చదివాను. మేం పెట్టిన ఆడవాళ్ళ నంబర్లు లేవు. ఉన్నది ఒక్కటే, మేస్త్రీది. పైగా బటన్ నొక్కకపోయినా ఎవరెక్కడున్నారో అతనికి పోతూనే ఉంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. మేడం సభలోనే నిలదీశారు. "ముఠా బాధ్యత మేస్త్రీదేగా టీచరుగారూ, ఇంకెవరికి పోవాలంటారు?" అన్నాడు యజమాని. సభ ముగిసేలోపే యజమాని మనుషులు బిళ్ళలన్నీ వెనక్కి లాక్కున్నారు. ఇక మేడంకు సాక్ష్యం నేనొక్కదాన్నే.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో యజమాని కుర్చీలో కూర్చున్నాడు, మేడం నిలబడి ఉన్నారు. "నువ్వు చూశావామ్మా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు. చూశానంటే అమ్మకు పని పోతుంది. "నాకంత బాగా చదవడం రాదండి" అన్నాను. అబద్ధాలు పుట్టించిందని మేడంను ఉద్యోగంలోంచి తీసేశారు. మేస్త్రీ ఆటో మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

బస్టాండులో మేడం కాళ్ళ మీద పడ్డాను. "లెయ్యవే. చదవడం నేర్పాను, చదివింది పైకి చెప్పడం నేర్పలేదు. తప్పు నాది" అన్నారు.

ఆ మాట తలుచుకుంటే నాకు ఆమె మీదా కోపమొస్తుంది. తప్పు ఆమెది కానే కాదు. నాది, కుర్చీల్లో కూర్చున్న ఆ ఇద్దరిది. ఇప్పుడు పర్చూరులో నేనూ ఆ బిళ్ళలే చేసిస్తున్నాను. నిన్న ఇంకో యజమాని వచ్చి, "మా సూపర్‌వైజర్ నంబరొక్కటి ఉంచి తతిమ్మావి తీసెయ్యమ్మా" అని చీటీ ఇచ్చాడు. అతని దగ్గర పనిచేసే ఆడవాళ్ళందర్నీ పిలిచి, అతని ఎదుటే, అతను అడిగిందేమిటో చెప్పి, ఆ నంబరు గట్టిగా చదివాను.  చివరి అంకె దాకా చదివాను.