పక్కింటాయనకు ఇచ్చిన ప్రశ్నాపత్రం

మొన్న ఆదివారం హెర్న్‌డన్‌లో మా అమ్మాయి ఇంట్లో టీవీ చూస్తూ మనవరాలు, "తాతా, ఈ మోర్మన్లు రియల్‌గా ఇలానే ఉంటారా?" అని అడిగింది. తెర మీద ఒక ముసలాయన, చుట్టూ నలుగురు భార్యలు, వెనుక భయపెట్టే సంగీతం. బహుభార్యాత్వాన్ని ఆ క్రైస్తవ సంఘం 1890లోనే విడిచిపెట్టిందని చెప్పాను. "ఓకే తాతా, ఇట్స్ జస్ట్ ఎ షో" అంది. నలభై ఏళ్ళనాటి చిరాకు మళ్ళీ లేచింది.

1981 నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింట్లో ఒక మోర్మన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటాయనకు భార్య ఒక్కరే, పిల్లలు ఐదుగురు. కాఫీ, టీ ముట్టరు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి, అందులోని కరివేపాకును సైతం మర్యాదగా నమిలి మింగేవారు. శనివారాలు తమ వంశవృక్షం చంకన పెట్టుకుని వచ్చేవారు. పదకొండు తరాలు, ప్రతి పేరుకూ జనన మరణాల తేదీలు. తర్పణంలో చెప్పుకునే మూడు తరాలు దాటితే నాకేమీ తెలియదు. ఆ మూడింటికీ తిథులే తప్ప సంవత్సరాలు లేవు. అయినా ఆయన మా వంశానికీ ఒక పటం గీయడం మొదలుపెట్టారు. తేదీని అంతగా గౌరవించే మనిషి ఈ దేశంలో నాకు మరొకరు దొరకలేదు.

1984 అక్టోబరులో ఒక టీవీ కార్యక్రమం వారి దేవాలయంలో జరిగే క్రతువును నటులతో వేయించింది. బయట చెప్పబోమని మాట ఇచ్చి చేసుకునే క్రతువది. వారు చొక్కా కింద ధరించే పవిత్ర వస్త్రాన్ని ఒక బొమ్మకు తొడిగి నవ్వారు. ఒక్క వాక్యానికైనా తేదీ లేదు, ఆధారం లేదు. కోపం పట్టలేక, అనుమానం కలిగినవన్నీ రాసుకుంటే పదిహేడయ్యాయి. వాటిని టైపు చేసి, ఎదురుగా 'నిజం', 'అబద్ధం' అని రెండు గడులు గీసి, టిక్కు పెట్టి ఇస్తే ఆ టీవీ స్టేషన్‌కు ఉత్తరం రాస్తానని ఆయన చేతిలో పెట్టాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆయన నిలబడే చివరిదాకా చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇచ్చారు. అబద్ధాలకు టిక్కు పెడితే మిగిలినవి నిజమని తానే బయటపెట్టినట్టవుతుందని, కనుక దేనికీ పెట్టలేనని నెమ్మదిగా అన్నారు. తర్కంలో దోషం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నోరు విప్పని మనిషి పక్షాన ఎలా వాదించడం? ఇంటికి వచ్చి అదే అంటే, మా ఆవిడ పిండి కలుపుతూ, "మీ ఒడుగులో మామయ్యగారు పంచె కప్పి చెవిలో చెప్పిన మంత్రాన్ని ఎవరో వేషాలు కట్టి వెక్కిరించారనుకోండి. పక్కింటాయన వచ్చి ఇది కరెక్టేనా, టిక్కు పెట్టండి అంటే పెడతారా?" అంది. "టీవీ వాళ్ళకి ఆయనెవరో తెలీదు. మీకు తెలుసుగా" అంది.

ఆ శనివారం ఆయన రాలేదు. తరువాత కంచె దగ్గర కనబడితే వాతావరణం గురించి మాట్లాడేవారు. మంచు పడితే మా డ్రైవ్‌వే కూడా శుభ్రం చేసేవారు. వంశవృక్షం మాత్రం మళ్ళీ మా గడప దాటలేదు. నా పటం మూడు తరాల దగ్గరే నిలిచిపోయింది. 1986 డిసెంబరులో ఆయనకు ఉటాకు బదిలీ అయింది. తప్పు నాదని చెప్పడానికి సరైన మాట, సరైన రోజు కుదరాలని చూస్తూ కూర్చున్నాను. లెక్క వేస్తే ఆ కాగితానికీ ఆ బదిలీకీ మధ్య నూట పదమూడు వారాలున్నాయి. కాలం చాలలేదని అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.