ఖాలీ పాంచ్

టీ చల్లారినా పరవాలేదు, ముందు నా గోడు వినండి! ఆదివారం నుంచి మా ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. "ఖాలీ పాంచ్, టవలెక్కడ?" "ఖాలీ పాంచ్, డ్యూటీకి టైమవుతోంది!" ఇదీ వరస.

మా అత్తయ్య చిన్నప్పుడు విజయనగరంలో సంగీతం నేర్చుకున్నారు. పెళ్ళయి ఈ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చాక ఆ గొంతు వంటింటికే పరిమితం. పప్పుకి పోపు పెడుతూ పాడతారు, గుమ్మంలో చెప్పుల చప్పుడైతే టక్కున ఆపేస్తారు. అలాంటావిడని మన తెలుగువాళ్ళ రామనవమి ప్రోగ్రాంలో పాడటానికి ఒప్పించింది ఎవరు? నేనే! "భయమెందుకు అత్తయ్యా, పక్కన కీబోర్డు మీద నేనుంటాను కదా" అన్నాను.

మా పక్క పేట తార్‌బహార్‌లో ఒక మాస్టారి దగ్గర కొత్తగా నేర్చుకుంటున్నాను లెండి. వేళ్ళు ఇంకా తిరగలేదు, నోరు మాత్రం తెగ తిరిగింది. ఆవిడ బెండకాయలు తరుగుతుంటే నా లెక్చర్లు!

"ప్రతి స్కేల్‌కీ ఒక ఇల్లుంటుంది అత్తయ్యా. అదే సా. పా మీద మూడు స్వరాలు కలిపి కట్టే కార్డ్‌ని డామినెంట్ అంటారు. అది మోగిందా, ఇక సా దగ్గరికి చేరేదాకా చెవికి ఊపిరాడదు. పాట ఎక్కడ తప్పిపోయినా డామినెంట్ నొక్కితే చాలు, ఇంటికొచ్చేస్తుంది!"

"అచ్ఛా! దానికంత ఇంగ్లీషెందుకే? సా-పా అని మా గురువుగారూ చెప్పేవోరు" అన్నారు.

ఆవిడ శ్రుతి ఐదు. అంటే నా కీబోర్డు మీద G. ఇంట్లో రిహార్సల్ బ్రహ్మాండంగా కుదిరింది. ఆవిడకీ హుషారొచ్చి, దాచుకున్న పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చారు.

తీరా ప్రోగ్రాం రోజు, ఆదివారం, హార్మోనియం వాయించాల్సినాయనకి జ్వరం! మా ఆయన తన రైల్వే షెడ్‌లో పనిచేసే పాండేజీని అప్పటికప్పుడు పట్టుకొచ్చారు. భజనల్లో మంచి పేరున్న మనిషే. స్టేజీ మీద మైకువాడు "హలో, హలో" అని చెవులకి చిల్లులు పొడుస్తుంటే, పాండేజీ నావైపు వంగి అడిగారు.

"భాభీజీ, స్కేల్?"

"పాంచ్!"

"కాలీ పాంచ్?"

నాకేమో "ఖాలీ పాంచ్?" అని వినబడింది. ఉత్త ఐదేనా అని! మన శ్రుతుల్లో ఐదూ ఉంది, ఐదున్నరా ఉంది కదా. అబ్బ, ఎంత చక్కగా అడిగాడు అనుకుని, "హా జీ, ఖాలీ పాంచ్!" అన్నాను గట్టిగా.

ఆయన అడిగింది నల్ల మెట్టు గురించండీ బాబూ! హిందీవాళ్ళు హార్మోనియం మీద తెల్లమెట్లు వేరే, నల్లమెట్లు వేరే లెక్కపెడతారట. మన ఐదు వాళ్ళకి తెల్ల ఐదు. నల్ల ఐదు అంటే A షార్ప్, మనకంటే మూడు మెట్లు పైన!

తెర లేచింది. పాండేజీ బెల్లోస్ ఊది సా పట్టారు. హాలంతా జనం. అత్తయ్య కంగారులో అదే అందుకుని ఎత్తుకున్నారు. నేను ధీమాగా G నొక్కాను.

ముందు వరసలో ఒకాయన నోట్లో పెట్టుకోబోయిన సమోసా అక్కడే ఆగిపోయింది!

నా కీబోర్డు పాడైందేమో అనుకున్నాను. సౌండ్ పెంచాను. ఇంకా ఘోరం! అత్తయ్య గొంతు పైకి, పైకి... మెడ నరాలు కనబడుతున్నాయి. పక్కకి తిరిగి నావైపు ఒక చూపు చూశారు. సరే, మాస్టారి మంత్రం ఉందిగా అని డామినెంట్ నొక్కాను. ఇంటికి తీసుకెళ్తుందిగా! తీసుకెళ్ళింది, నా ఇంటికి. ఆవిడ, పాండేజీ వేరే ఇంట్లో ఉన్నారు!

అత్తయ్య పాట ఆపేశారు. హాల్లో ఒకటే గుసగుసలు. అయిపోయింది, ఇక ఈవిడ జన్మలో స్టేజీ ఎక్కరు, నాతో మాట్లాడరు అనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నేరుగా నా దగ్గరికొచ్చారు. నా చెయ్యి పక్కకి నెట్టి, G మీద తన వేలు పెట్టారు.

"పాండే భయ్యా, మేరా సా యే హై. యహా ఆజావో."

నా సా ఇదీ, ఇక్కడికి రమ్మని! ఆయన వెతికి తెల్ల ఐదు పట్టుకున్నారు. అప్పుడు అత్తయ్య నా చూపుడువేలు పట్టుకుని ఆ మెట్టు మీద ఆనించి, "ఏటే, నాను పాడినంతసేపూ ఇదొక్కటే నొక్కు. మరేటీ ముట్టుకోకు" అన్నారు.

ఇక పాడారండీ! సమోసా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పాండేజీ "వాహ్ అమ్మాజీ" అంటూనే ఉన్నారు. నేనా? నొక్కాను. వేలు తిమ్మిరెక్కినా తియ్యలేదు.

అయ్యాక పక్క బ్లాక్ ఆవిడ పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. "మొదట్లో ఏదో గందరగోళమైంది గానీ, తర్వాత ఎంత నిండుగా వాయించావమ్మా! ఒక్క అపశ్రుతి లేదు. మా పాపకి నేర్పుతావా?"

అత్తయ్య నవ్వాపుకోలేక పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తప్పకుండా అండీ, పంపండి" అన్నాను. "పాప మొత్తం రానక్కర్లేదు, వేలొక్కటి వస్తే చాలు."