ఒక సైజు పెద్ద సైకిల్

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సైకిల్ షాపు ముందు, బొడిపెల టైర్ల గేర్ సైకిల్ మీద మా అన్నయ్య కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. కాళ్లు మాత్రం గాల్లో ఉన్నాయి.

అన్నయ్య శ్రీను అప్పుడు ఏడో తరగతి, నేను ఐదు. హయత్‌నగర్ దాటాక అబ్దుల్లాపూర్‌మెట్ వైపు గుట్టల్లో మట్టి దారులున్నాయని, అక్కడ తొక్కడానికి మామూలు సైకిల్ పనికిరాదని, నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. చివరికి నాన్న సరేనన్నారు.

వాడికి సరిపోయే చిన్న సైకిల్ కూడా పక్కనే ఉంది. నాన్న దానివైపు చూడనే లేదు.

"ఎదిగే పిల్లాడండీ... ఇవాళ చిన్నది కొంటే రేపటికి పొట్టిదైపోద్ది," అన్నారు.

"కరెక్టే సార్, పెద్దదే తీస్కోండ్రి. రెండేండ్లల పిలగాడు తాటిచెట్టు లెక్క పెరుగుతడు," అన్నాడు షాపాయన.

గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో అద్దెకున్న సంసారం మాది. ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. బూట్ల ముందు భాగంలో దూది కుక్కుకునేవాళ్లం. నా స్కూలు గౌను అంచుని అమ్మ లోపలికి మడిచి కుట్టి, ఏడాదికోసారి విప్పేది. మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలంటారు కదా... మా ఇంట్లో మంచం ఎప్పుడూ పెద్దదే, కాళ్లే చాలేవి కావు!

హెల్మెట్ కూడా అలాగే కొన్నారు. వాడు తల తిప్పితే అది కాసేపాగి తిరిగేది. అమ్మ పాత తువ్వాలు మడిచి లోపల పెట్టింది. మోకాలి ప్యాడ్లు జారిపోతుంటే నా జడ రిబ్బన్లతో కట్టింది. గ్లవుజుల వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడుతున్నాయి. అన్నయ్య బీరువా అద్దంలో చూసుకుని, "దిష్టిబొమ్మలా ఉన్నానే!" అన్నాడు. అందరం నవ్వాం. నాన్న కూడా.

ఆ సైకిల్ ఎక్కడానికి వాడికి అరుగు కావాలి. దిగడానికీ అరుగే కావాలి. మా వీధిలో ఎవరి గేటు పక్కన అరుగుందో వాడికి కంఠతా వచ్చు. అక్కడికి తొక్కుకుంటూ పోయి, కాలు దాని మీద ఆనించి ఆగేవాడు. గుట్టలకి వెళ్లేలోపు బాగా అలవాటైపోవాలని రోజూ అదే పని.

ఒక ఆదివారం పొద్దున్న... కాలనీ వెనక వాలు రోడ్డు మీద వాడు దిగుతున్నాడు. నేను వాడి తోకలాగా వెనకే పరిగెడుతున్నాను. సందులోంచి ఒక ఆటో వచ్చింది. వేగంగా కూడా రాలేదు. అన్నయ్య బ్రేకు వేశాడు, సైకిల్ ఆగింది. కాలు కింద పెట్టాడు...

నేల అందలేదు.

సైకిల్‌తో పాటే పక్కకి పడిపోయాడు. హెల్మెట్, అందులోని తువ్వాలు వెనక్కి జారిపోయాయి. తల మురికి కాలువ సిమెంటు గట్టుకి తగిలింది.

"మీ అమ్మని పిల్వు బిడ్డా, జల్ది! దవాఖానకు పోదాం!" అంటూ ఆటో ఆయన వాణ్ని ఎత్తుకున్నాడు. నేను ఇంటికి పరిగెత్తాను. అన్నయ్య ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు.

తలరాత అన్నారు, వచ్చినవాళ్లంతా. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నాన్న మీద కోపం తెచ్చుకుందామని చాలా ఏళ్లు చూశాను... నా వల్ల కాలేదు. కొడుకు పెరుగుతాడని నమ్మారాయన, అంతే.

ఆ ఏడాది నా కొత్త గౌనుకి అంచు మడత లేదు. సరిగ్గా నా కొలతకే కుట్టించారు.

సైకిల్ మాత్రం పాత దుప్పటి కప్పుకుని మెట్ల కింద ఉండిపోయింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం, ఏం బుద్ధి పుట్టిందో ఏమో, దుప్పటి తీసి ఎక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ నేలకి ఆనాయి. వాడికి సరిపోవాల్సిన సైకిల్ నాకు సరిపోయింది.

ఏడుపు ముంచుకొచ్చింది. వెనక్కి చూస్తే అమ్మ నిలబడి ఉంది. "దిగవే తల్లీ," అంది. మర్నాటికి సైకిల్ అక్కడ లేదు. ఎవరికిచ్చారో నాన్న చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది. పిల్లాడి ఎత్తు చూసి సైకిల్ ఫ్రేము సైజు చెబుతున్నారు, తల చుట్టూ టేపు పెట్టి హెల్మెట్ ఇస్తున్నారు. మొన్న మా అబ్బాయికి మొదటి గేర్ సైకిల్ కొందామని ఎల్బీనగర్ వెళ్లాం. నాన్న కూడా వస్తానన్నారు. నేను వద్దనలేకపోయాను.

కొలతలన్నీ తీసుకున్నాక షాపు కుర్రాడు, "ఒక సైజు పెద్దది తీస్కోండ్రి మేడం, బాబు పెరుగుతడు గదా!" అన్నాడు.

నాన్న ముందుకొచ్చి, "వద్దు బాబూ. ఇవాళ్టికి సరిపోయేది ఇవ్వు," అన్నారు.

మోకాళ్ల నొప్పులతోనే కిందికి వంగారు. సైకిల్ మీద కూర్చున్న మా వాడి బూటుకీ నేలకీ మధ్య అరచెయ్యి దూర్చి చూశారు. చెయ్యి దూరలేదు. రెండో కాలి దగ్గరా అలాగే చూశారు. హెల్మెట్ పెట్టించి, రెండు చేతులతో పట్టుకుని కదిపారు. అది కదల్లేదు.

"వచ్చే ఏడాదికి పొట్టిదైపోద్దేమో నాన్నా," అన్నాను.

"అవనీ అమ్మా..." అన్నారు, మా వాడి కాళ్లవైపే చూస్తూ. "పొట్టిదైపోనీ."

మీ ఇంట్లోనూ అన్నీ ఒక సైజు పెద్దవే కొనేవారా? కొనే ఉంటారు... అవి మీకు సరిపోయిన రోజు గుర్తుంటే కింద రాయండి. నాకు చదవాలని ఉంది.