ఆ తల్లి పోయే కాడ

మొయినాబాద్‌లో మా ఇంటి ఓనరమ్మకు ఒకే ఒక్క సినిమా పిచ్చి. పాత కాలపు కొండ ఊళ్లో పగబట్టిన రెండు కుటుంబాలు, వాటి మధ్య ఒక ప్రేమపెళ్లి. థియేటర్లో ఎవరూ చూడని ఆ సినిమాను నా టీవీలో ఎన్నిసార్లు చూసిందో! చివర్లో పెళ్లికూతురి తల్లి మనవడిని ఎత్తుకోవడానికి మంచులో పగవాళ్లింటికి నడిచివెళ్తుంది. అక్కడికి రాగానే ఈమె కొంగు దులుపుకుని లేచేది.

“అంత అబద్ధం బిడ్డా. గట్ల ఎవరు పోతరు?”

ఈమె కూతురు ఎదురింటి అబ్బాయినే చేసుకుంది. చేవెళ్ల రోడ్డు మీది పొలం గట్టు తగాదాతో ఆ రెండిళ్లకూ తాతల నాటి నుంచి మాటల్లేవు.

ఒకరోజు ఎదురింట్లో మనవడికి తొట్టెల ఫంక్షన్. ఆ ఉయ్యాల తల్లిగారింటి నుంచే రావాలి, అది ఆనవాయితీ. డప్పులు మొదలవగానే ఈమె పట్టుచీర కట్టుకుని నా గదికి వచ్చింది.

“ఆ తల్లి పోయే కాడ పెట్టు బిడ్డా.”

పెట్టాను. ఈసారి లేవలేదు, అబద్ధమనీ అనలేదు. నాకే ఉండబట్టలేదు.

“నువ్వూ పోరాదమ్మా!”

“మళ్ల పెట్టు” అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

డప్పులు ఆగిపోయేదాకా పెడుతూనే ఉన్నాను. అప్పుడు చూశాను. గడప లోపల ఎన్నడూ చెప్పులతో అడుగుపెట్టని మనిషి, కాళ్లకు చెప్పులు తొడుక్కునే కూర్చుని ఉంది.